లక్ష కిలోమీటర్లు దాటిన కారులో టైమింగ్ బెల్టు: అరుగుదలను అంచనా వేయడం, వెంట మార్చవలసిన భాగాలు

పాత కారు కొనేటప్పుడు చెన్నైలోని మన తెలుగువాళ్లు సాధారణంగా టైర్లు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు, కాస్త అనుభవమున్నవారైతే డిప్‌స్టిక్కు లాగి ఆయిల్ రంగు చూస్తారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగేవారు తక్కువ. అడిగినా అమ్మేవారి దగ్గర "అంతా బాగానే ఉంది సార్" అనే మాట తప్ప బిల్లు ఉండదు. ఇంజిన్ పక్కన మూత వెనుక తిరిగే ఆ పళ్ల పట్టీ బాగుందో లేదో వారికి మాత్రం ఎలా తెలుస్తుంది? మూత విప్పి చూసిన మెకానిక్కు కూడా కచ్చితంగా చెప్పలేని సందర్భాలు చాలా ఉన్నాయి.

బెల్టు చేసే పని చెప్పడానికి తేలిక. పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్టునూ, వాల్వులను తెరిచి మూసే కామ్ షాఫ్టునూ అది కలుపుతుంది. క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి కామ్ షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. పిస్టన్ పైకి వచ్చే క్షణానికి వాల్వులు మూసుకొని దానికి దారి ఇవ్వాలి. ఈ లెక్క ఒక పన్ను తప్పితే ఇంజిన్ వణుకుతుంది, బలం తగ్గుతుంది. బెల్టు తెగినా, వరుసగా కొన్ని పళ్లు రాలిపోయినా కామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, పిస్టన్లు మాత్రం వేగం తగ్గేదాకా కదులుతూనే ఉండి, తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. కొన్ని పాత పెట్రోల్ ఇంజిన్లలో వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య తగినంత ఖాళీ ఉన్నందున బండి ఆగిపోవడంతో కథ ముగుస్తుంది. డీజిల్ ఇంజిన్లలో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఆ ఖాళీ ఉండదు. తెగిందంటే వాల్వులుండే ఇంజిన్ పై భాగాన్ని, అంటే హెడ్డును, దింపవలసిందే. మీ ఇంజిన్ ఏ రకమో నిర్ధారణగా తెలియకపోతే వాల్వులు వంగే రకమనే అనుకోవడం క్షేమం.

అసలు మీ బండిలో బెల్టు ఉందా, చైను ఉందా?

కొన్ని ఇంజిన్లలో బెల్టు బదులు లోహపు చైను ఇదే పని చేస్తుంది. మీ బండిలో ఏది ఉందన్న ప్రశ్నకు కారు పేరుతో జవాబు దొరకదు, ఇంజిన్ పేరుతో దొరుకుతుంది. హ్యుందాయ్ ఐ10 నే తీసుకోండి: 1.1 లీటర్ ఇంజిన్ ఉన్న బండిలో బెల్టు, 1.2 లీటర్ కప్పా ఇంజిన్ ఉన్న బండిలో చైను. మారుతీ పాత 800, ఆల్టో 800 సీసీ, మొదటి తరం వ్యాగన్ ఆర్ ఇంజిన్లలో బెల్టు ఉండేది. తర్వాత వచ్చిన కె-సిరీస్ ఇంజిన్లు చైనుకు మారాయి. స్విఫ్ట్ 1.3 డీజిల్‌లోనూ చైనే. చెన్నై చుట్టుపక్కల ఫ్యాక్టరీలే బెల్టు బండ్లను చాలా కాలం రోడ్డు మీదికి పంపాయి: ఇరుంగాట్టుకోట్టై నుంచి 1998లో మొదలైన శాంత్రో, మరైమలై నగర్ నుంచి ఫియస్టా, ఫిగో, ఎకోస్పోర్ట్ డీజిళ్లు, ఒరగడం నుంచి డస్టర్ 1.5 డీజిల్. పోలో, వెంటో, రాపిడ్‌ల 1.5 డీజిల్, బెంగళూరు పక్కన బిడదిలో తయారైన పాత ఇన్నోవా 2.5 డీజిల్ కూడా ఈ కోవలోవే. ఈ బండ్లలో ఎక్కువ భాగం ఇప్పుడు రెండో, మూడో యజమాని చేతిలో ఉన్నాయి, అంటే సర్వీసు చరిత్ర మధ్యలో ఎక్కడో తెగిపోయి ఉంటుంది.

కిలోమీటర్లు చెప్పనిది

యజమాని పుస్తకంలో బెల్టు మార్పిడికి ఒక కిలోమీటర్ల అంకె ఉంటుంది. ఇంజిన్‌ను బట్టి అది 60,000 నుంచి 1,50,000 దాకా ఉండవచ్చు. చాలా కంపెనీలు దాని పక్కనే ఏళ్ల గడువును కూడా ఇచ్చి, రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడు మార్చమంటాయి. మనవాళ్లు కిలోమీటర్ల అంకెను గుర్తుపెట్టుకొని ఏళ్ల సంగతి మరచిపోతారు. ఇంటి ముందు ఎండలో నిలబడి ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే పెద్దల కారులో బెల్టు అరగకపోవచ్చు, కానీ రబ్బరు మాత్రం ముదురుతూనే ఉంటుంది.

మీటరు మరో విషయాన్నీ దాస్తుంది. చెన్నై రద్దీలో ఓఎమ్మార్‌లోనో, వేళచ్చేరి నుంచి గిండీ దాకానో రోజూ నడిచే కారు సగటున గంటకు 20 కిలోమీటర్లు పోతుందనీ, ఆ గంటలో ఇంజిన్ సగటున నిమిషానికి 1,400 చుట్లు తిరుగుతుందనీ అనుకుందాం. అంటే గంటకు 84,000 చుట్లు, కిలోమీటరుకు 4,200. అదే కారు నెల్లూరు హైవే మీద 2,000 చుట్ల దగ్గర గంటకు 80 కిలోమీటర్లు పోతే కిలోమీటరుకు పడేది 1,500 చుట్లే. ఈ లెక్కన ఊళ్లో 60,000 కిలోమీటర్లు తిరిగిన బెల్టు, హైవే మీద 1,68,000 కిలోమీటర్లు తిరిగిన బెల్టుతో సమానంగా పని చేసింది. పైగా సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకొని నిలబడిన కారులో గాలి ఆడక మూత లోపలి వేడి పెరుగుతుంది, రోహిణీ కార్తె ఎండల్లో అయితే చెప్పనక్కర్లేదు. అందువల్ల పూర్తిగా నగరంలో తిరిగే బండికి నేను పుస్తకంలోని అంకెలో నాలుగో వంతు తగ్గించుకొని లెక్క పెట్టుకుంటాను. ఇది కంపెనీ చెప్పిన సూత్రం కాదు, నా జాగ్రత్త.

2015 డిసెంబరు వరదల్లోనో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులోనో నీళ్లలో నిలిచిన కారు అయితే మీటరును అసలు పట్టించుకోనక్కర్లేదు. బురద నీరు మూత లోపలికి చేరితే సన్నని ఇసుక పళ్ల సందుల్లో ఉండిపోతుంది, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ అనే చక్రాల బేరింగుల్లోని గ్రీజు చెడుతుంది. అలాంటి బండిని కొన్నవారు మొదటి వారంలోనే మొత్తం మార్పించుకోవాలి.

మూత తీసి చూస్తే తెలిసేది, తెలియనిది

చాలా ఇంజిన్లలో పై మూతను నాలుగైదు స్క్రూలో క్లిప్పులో తీస్తే కామ్ పుల్లీ చుట్టూ కొంత బెల్టు కనబడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాత, తాళం తీసి జేబులో పెట్టుకొని చూడాలి. కనబడిన ఆ జానెడు ముక్కను చూసి సంతృప్తి పడకుండా, క్రాంక్ బోల్టుకు పానా వేసి ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతూ బెల్టు చుట్టంతా చూడాలి. వెనక్కి తిప్పకూడదు, కామ్ బోల్టు పట్టుకొని తిప్పడం అంతకన్నా తప్పు.

చూడవలసినవి ఇవి. బెల్టు వీపు మీద అద్దంలా మెరుపు వచ్చిందంటే రబ్బరు వేడికి గట్టిపడింది. పళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా సన్నని చీలికలు ఉంటే ఇక ఆలోచించే పని లేదు. అంచుల్లో దారాలు లేచి ఉంటే బెల్టు ఒక పక్కకు జరిగి దేన్నో ఒరుసుకుంటోందని అర్థం; అది బెల్టు జబ్బు కాదు, వంగిన పుల్లీదో, ఊగుతున్న ఐడ్లర్‌దో, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని తిప్పే వాటర్ పంపుదో అయి ఉంటుంది, కాబట్టి కొత్త బెల్టు ఒక్కటే వేస్తే అదీ అలాగే చిరుగుతుంది. మూత అడుగున నల్లటి రబ్బరు పొడి పేరుకున్నా ఇదే అనుమానం రావాలి. బెల్టు మీద ఆయిల్ తడి ఉంటే రబ్బరు ఉబ్బి పళ్ల పట్టు వదులవుతుంది. తుడిచి వాడుకోవచ్చన్న సలహాను వినవద్దు. ఎండిన కూలెంట్, అంటే ఆ చల్లబరిచే ద్రవం, తెల్లగానో, ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో చార కట్టి ఉంటే వాటర్ పంపు సీలు కారడం మొదలైంది.

ఇవేవీ కనబడకపోతే బెల్టు బాగున్నట్టేనా? కాదు. వెనకటి బెల్టుల్లో వాడిన నియోప్రీన్ రబ్బరు ముసలితనాన్ని చీలికలుగా బయటికి చూపేది. ఇప్పటి బెల్టులు చాలావరకు హెచ్ఎన్‌బీఆర్ అనే రకం నైట్రైల్ రబ్బరుతో, లోపల గాజు పోగుల తాళ్లతో, పళ్ల మీద నైలాన్ గుడ్డతో తయారవుతాయి. ఈ రబ్బరు వేడికి బాగా ఓరుస్తుంది, అంత సులభంగా చీలదు. అరుగుదల పళ్ల మీది గుడ్డలోనూ లోపలి తాళ్లలోనూ జరుగుతుంది, అది కంటికి ఆనదు. అందుకని చూపు బెల్టును తప్పు పట్టడానికి మాత్రమే పనికొస్తుంది, నిర్దోషి అని తీర్పు చెప్పడానికి పనికిరాదు. తేదీ, కిలోమీటర్లు రాసిన బిల్లు లేని కారులో బెల్టు చూడ్డానికి కొత్తదిలా ఉన్నా నేను మార్పించమనే చెబుతాను. బెల్టును వేళ్లతో పట్టి 90 డిగ్రీలు మెలితిప్పి బిగువు చూసే పాత పద్ధతి చేత్తో బిగించే టెన్షనర్ల కాలం నాటిది; తానుగా బిగువు సర్దుకునే టెన్షనర్ ఉన్న బండ్లలో దాని వల్ల తెలిసేది ఏమీ లేదు.

శబ్దాల గురించి ఒక మాట. పొద్దున స్టార్టు చేయగానే కీచుమనే అరుపు దాదాపు ఎప్పుడూ బయట తిరిగే ఆల్టర్నేటర్ బెల్టుదే, టైమింగ్ బెల్టుకు పళ్లు ఉన్నందున అది అలా జారి అరవదు. మూత వైపు నుంచి గొంతులో గరగరలాడినట్టు, వేగంతో పాటు పెరిగే హోరు వస్తే మాత్రం టెన్షనర్ లేదా ఐడ్లర్ బేరింగు ఎండిపోతోందని అనుమానించాలి. ఆ శబ్దం విని కూడా ఊరికి బయలుదేరడం సాహసమే.

పాత ఇన్నోవా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటి ఉంది. మీటరు బోర్డులో టి-బెల్ట్ అనే దీపం వెలుగుతుంది. దానికి బెల్టు ఏ స్థితిలో ఉందో తెలియదు, నిర్ణీత కిలోమీటర్లు నిండాయని మాత్రమే తెలుసు. బెల్టు మార్చకుండా దీపాన్ని ఆర్పివేయడం రెండు నిమిషాల పని, కనుక ట్రావెల్స్ నుంచి వచ్చిన బండిలో ఆ దీపం వెలగడం లేదన్నది సాక్ష్యం కాదు.

బెల్టుతో పాటు ఏవేవి

నా సొంత అనుభవం ఇక్కడ చెప్పక తప్పదు. నా మునుపటి డీజిల్ కారుకు బెల్టు మార్పించినప్పుడు, వాటర్ పంపు కారడం లేదు గదా, దాని డబ్బు మిగుల్చుకోండి అని షెడ్డులో అన్నారు. నేనూ సంతోషంగా తలూపాను. రెండేళ్ల తర్వాత సంక్రాంతికి నెల్లూరు పోతుండగా నాయుడుపేట దాటాక ఇంజిన్ చప్పుడు లేకుండా ఆగిపోయింది. పంపు బేరింగు పట్టేసి, దాని మీద తిరగలేక కొత్త బెల్టు పళ్లు రాల్చుకుంది. బెల్టు వయసు 22,000 కిలోమీటర్లు. హెడ్డు దింపితే ఎనిమిది వాల్వులూ వంగి ఉన్నాయి. మిగుల్చుకున్న పంపు ధరకు ఎన్ని రెట్లు కట్టానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

బెల్టు తనంతట తాను తెగడం కన్నా, దాని దారిలో ఉన్న మరో భాగం చెడి దాన్ని తెంపడం మామూలు. బెల్టు తాకే ప్రతి బేరింగూ బెల్టు తిరిగినంతా తిరిగింది కనుక, మార్చేటప్పుడు టెన్షనర్, ఐడ్లర్‌లు తప్పనిసరిగా మారాలి. చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది గదా అన్న పరీక్ష చాలదు. నిమిషానికి వేల చుట్ల దగ్గర, వేడిలో, బిగువు కింద అది ఎలా ఉంటుందో చెయ్యి చెప్పలేదు. హైడ్రాలిక్ టెన్షనర్ అయితే దాని కడ్డీ చుట్టూ ఆయిల్ చెమ్మ ఉందేమో చూడాలి, ఉంటే అది బిగువు నిలపలేదు.

వాటర్ పంపు టైమింగ్ బెల్టు మీదే తిరిగే ఇంజిన్లలో, అంటే డస్టర్ 1.5 డీజిల్, పోలో 1.5 డీజిల్, ఫోర్డ్ 1.4 డీజిల్ వంటివాటిలో, దాన్ని కూడా అదే రోజు మార్చాలి. పంపు ధర కన్నా దాన్ని చేరడానికయ్యే కూలి ఎక్కువ. ఈసారి వదిలేస్తే తర్వాత ఆ కూలి మళ్లీ మొత్తం కట్టాలి. పాత ఇన్నోవాలో మాత్రం వాటర్ పంపు బయటి బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి టైమింగ్ పనితో దాన్ని ముడిపెట్టి ఎవరైనా బిల్లు వేస్తే కారణం అడగవచ్చు.

పంపు మారిందంటే కూలెంట్ కూడా కొత్తది పోయాలి, కంపెనీ చెప్పిన రకమే పోయాలి. పుళల్ చెరువు నుంచి వచ్చే కుళాయి నీళ్లో బోరు నీళ్లో కలిపితే కొత్త పంపు సీలు త్వరగా పోతుంది. కామ్ ఆయిల్ సీలు, క్రాంక్ ముందు ఆయిల్ సీలు ధర చాలా తక్కువ, లక్ష దాటిన బండిలో అవి గట్టిపడి ఉంటాయి, చెమ్మ కనబడకపోయినా మార్చడమే నా అభిప్రాయం. క్రాంక్ పుల్లీ బోల్టు చాలా ఇంజిన్లలో బిగించినప్పుడు సాగే రకం. ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. ఇంజిన్ మౌంటింగు కూడా చాలా కార్లలో ఈ పనికోసం ఎలాగూ విప్పుతారు, రబ్బరు చీలి ఉంటే అప్పుడే మార్చుకోవడం మేలు. బయటి ఆల్టర్నేటర్ బెల్టును తక్కువగా చూడవద్దు: అది చిరిగి పీలికలైతే ఒక్కో ఇంజిన్‌లో ఆ పీలిక కింది మూతలోకి దూరి టైమింగ్ బెల్టునే పాడు చేస్తుంది.

ఎకోస్పోర్ట్ 1.0 పెట్రోల్ టర్బో వేరే జాతి. అందులో బెల్టు ఇంజిన్ లోపల ఆయిల్‌లోనే తిరుగుతుంది. దానికి ప్రాణం ఆయిల్ రకమే. తప్పు ఆయిల్ పోసినా, మార్పు ఆలస్యం చేసినా బెల్టు పొరలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి. అది వీధి షెడ్డులో చేయించే పని కాదు.

సామాను ఎక్కడ కొనాలి

చెన్నైలో కార్ల సామాను అంగళ్లుండే జీపీ రోడ్డులో ఈ భాగాలన్నీ ఒకే పెట్టెలో కిట్టుగా దొరుకుతాయి, విడివిడిగా కొనడం కన్నా అదే నయం. పోయేటప్పుడు ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రాసుకొని పోవాలి, ఒకే మోడల్‌లో మధ్యలో బెల్టు పళ్ల సంఖ్యో టెన్షనరో మారిన సందర్భాలు ఉంటాయి. పెట్టె మీది భాగం నంబరు, బెల్టు వీపు మీద అచ్చైన నంబరు సరిపోలాలి. అచ్చు వేలితో రుద్దితే చెరిగిపోయేలా ఉంటే వద్దనండి. జీఎస్టీ బిల్లు అడిగితే ధర పెంచే అంగడిని వదిలి పక్క అంగడికి పోవడం మంచిది. పుదుపేటలో పాత బండ్ల నుంచి తీసిన తలుపులు, అద్దాలు, లోహపు బ్రాకెట్లు నిక్షేపంగా కొనుక్కోవచ్చు గానీ బెల్టు, బేరింగు, సీలు, పంపు మాత్రం అక్కడ ముట్టుకోకూడదు. కొత్త బెల్టును ఇంటికి తెచ్చాక మడవకూడదు, మెలిపెట్టకూడదు, లోపలి గాజు పోగులు విరిగినా పైకి తెలియదు.

షెడ్డులో మీ కళ్ల ముందు

ఈ పనిని సొంతంగా చేసుకోమని నేను చెప్పను. క్రాంక్, కామ్ పుల్లీల మీద కంపెనీ పెట్టిన మార్కులు కలపడం తెలిసి, వాటిని కదలకుండా పట్టే, ఆ ఇంజిన్‌కు తగిన పిన్నులు, నిర్ణీత బలంతో బిగించే టార్కు రెంచి ఉన్న మెకానిక్కు చేత చేయించి, పక్కన నిలబడి కొన్ని విషయాలు గమనించడం సరిపోతుంది. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టమనాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ ముందే విప్పాలి. మౌంటింగు విప్పే ముందు జాకీ మీద చెక్క దిమ్మ పెట్టి ఇంజిన్‌ను కింద నుంచి ఆపాలి. మొదటి సిలిండర్ పిస్టన్‌ను పై అంచుకు తెచ్చి, క్రాంక్ మార్కు, కామ్ మార్కు, డీజిల్ పంపు కూడా బెల్టు మీదే ఉంటే దాని మార్కు కలిశాకనే పాత బెల్టు తీయాలి.

చాలామంది పాత బెల్టు మీద, పుల్లీల మీద వైట్‌నర్‌తో గీతలు పెట్టి, పళ్లు లెక్కపెట్టి వాటినే కొత్త బెల్టు మీదికి ఎత్తుతారు. గుర్తుకు అది పనికొస్తుంది. కానీ పాత బెల్టే ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పు కూడా నకలవుతుంది, అందుకని చివరి మాట కంపెనీ మార్కులదే కావాలి.

కొత్త బెల్టు వేసే ముందు పుల్లీల మీది ఆయిల్, జిడ్డు పూర్తిగా తుడవాలి. బెల్టు మీద బాణం ఉంటే అది ఇంజిన్ తిరిగే దిశను చూపాలి. స్క్రూడ్రైవరుతో ఎగదోసి ఎక్కిస్తున్నారంటే ఆపండి; సరైన వరుసలో వేస్తే బెల్టు చేతి వేళ్లతోనే కూర్చుంటుంది. టెన్షనర్ ముల్లు దాని గీత దగ్గరకు వచ్చేలా సర్ది, బోల్టులను టార్కు రెంచితో బిగించాలి. ఆ తర్వాత పిన్నులు తీసి, క్రాంక్‌ను చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి మార్కులన్నీ మళ్లీ కలిశాయో, ముల్లు కదలకుండా ఉందో చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలం పెట్టకుండా ఆగి మొదటి నుంచి సరిచూడాలి. ఈ రెండు చుట్లు తిప్పకుండా నేరుగా తాళం వేసే మెకానిక్కు దగ్గరికి నేను రెండోసారి పోను.

పాత భాగాలను చూపించమని పని మొదలయ్యేటప్పుడే చెప్పాలి. తమిళంలో "అన్నా, పళయ పార్ట్సు ఎడుత్తు వైంగ" (అన్నా, పాత పార్ట్సు తీసి పెట్టండి) అంటే ఎవరూ నొచ్చుకోరు. తీసిన టెన్షనర్‌ను చెవి దగ్గర పెట్టుకొని తిప్పితే ఎండిన గ్రీజు గరగర మీకే వినబడుతుంది, పాత బెల్టు అంచులు చూస్తే పుల్లీలు సూటిగా ఉన్నాయో లేదో తెలుస్తుంది.

బిల్లు మీద ఆనాటి తేదీ, మీటరు అంకె, వేసిన ప్రతి భాగం పేరు రాయించండి. అవే రెండు అంకెలను ఒక స్టిక్కరు మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి. తర్వాతి వారం రోజులు పొద్దున స్టార్టు చేసే ముందు కూలెంట్ మట్టం చూసుకోండి, కొత్తగా నింపిన కూలెంట్ నుంచి గాలి బయటికి పోయేకొద్దీ అది కాస్త దిగుతుంది, ఆ మేరకు పోయవచ్చు. మొదటి వెయ్యి కిలోమీటర్ల తర్వాత కూడా మట్టం దిగుతూనే ఉన్నా, మూత వైపు నుంచి సన్నని ఈల వంటి శబ్దం వస్తున్నా, బిగువు ఎక్కువైందేమో, పంపు సీలు సరిగా కూర్చోలేదేమో చూడమని బండిని అదే షెడ్డుకు తీసుకుపోండి.